సంగ్రహాలయ విస్తరణము – మన కర్తవ్యము



బోధనవృత్తియందు జీవితమును గడపి విశ్రాంతి గొన్న మమ్ము ఈ మహాసభయందు రెండు మాటలు పలుకుమని కార్యదర్శివర్యులు కోరిరి. సంగ్రహాలయములను గూర్చి విన్నవింప నెంచితిమి. ఇది మనకు సంబంధింపని విషయమని యెవరును తలంపకుందురు గాక.

గతవత్సరమున మా మనుమనితో గూడ మాదాపురమునందలి శిల్పారామమునకు బోయితిమి. ఆ చెంతనే 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ అను సౌధము ప్రారంభింపబడెను. నాటినుండి ఆ ప్రాంతము హైటెక్ సిటీ యను పేర దేశదేశముల ప్రసిద్ధి గాంచినది. శిల్పారామమున గ్రామీణ సంగ్రహాలయ మొకటి కలదు. అందలి పల్లెవృత్తుల ప్రతిమలను జూచి బాలుడు, "తాతా! మన యింటి కొలిమి యెక్కడ నున్నది?" అని యడిగెను. మేము నిరుత్తరుల మైతిమి. మా కుమారుడు కొండాపూరున గృహము కొన్ననాడు, మా పితామహుని దాగలిని, సమ్మెటలను, పటకారులను పాతయినుము కొనువానికి తూకమున అమ్మివైచినవారము మేమే. సంస్కృతము చదివిన గర్వమున ఆ పనిముట్లు విద్యకు బాహ్యములని భావించితిమి. ఆ తప్పిదమే నేటి మా మాటలకు మూలము.

సంగ్రహ మనగా కుప్పవేయుట కాదు, చక్కగా గ్రహించుట. వస్తువును దానిని చేసిన చేతితోను, చేసిన విధముతోను గూర్చి తెలిసికొన్ననాడే యది సంగ్రహము. మన ప్రదర్శనశాలలలో విగ్రహముక్రింద రాజవంశము పేరుండును, కాలముండును. పోతపోసినవాని పేరు ప్రాయికముగా కానరాదు. పాలంపేటయందు 1213వ సంవత్సరమున రేచర్ల రుద్రుడు కట్టించిన దేవాలయమును లోకము శిల్పి పేర రామప్పగుడి యని పిలుచుచున్నదని జనశ్రుతి. 2021వ సంవత్సరమున యునెస్కోవారు దానిని ప్రపంచవారసత్వపు పట్టికయందు చేర్చిరి. ఇట్టి భాగ్యము ఎందరు శిల్పుల కబ్బినది? నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కు పారసీకదేశమువరకు పోయినది. ఆ విధానమును వోయ్సీ యను ఆంగ్లేయుడు వర్ణించిన వ్యాసము 1832వ సంవత్సరమున ప్రకటిత మాయెను. మనవారి విద్యను పరదేశీయుడు వ్రాసియుంచగా మనము చదువుకొనవలసివచ్చినది. పెంబర్తి యిత్తడిపని మాత్రము నేటికిని జీవించియున్నది. దానిని చేయువారు బ్రతికియుండగనే వ్రాసికొనుట మేలు.

కావున శిల్పారామపు గ్రామీణ సంగ్రహాలయమును విస్తరింపవలసినదిగా ప్రభుత్వమువారిని ప్రార్థించు తీర్మానమును ఈ సభ యంగీకరింపవలయునని మా మనవి. విస్తరణ మనునది క్రొత్తవిషయము గాదు. సాలార్‌జంగు సంగ్రహాలయము 1951వ సంవత్సరమున దివాన్ దేవిడీయందు తెఱవబడెను. 1968లో మూసీతీరమునందలి నేటి భవనమునకు మారెను. 2000వ సంవత్సరమున తూర్పు పడమటి భవనములు దానికి తోడయ్యెను. కృష్ణానది యానకట్టచే లోయ మునుగుచుండగా నాగార్జునకొండ శిథిలములను త్రవ్వి, పైకి జేర్చి, 1966లో కొండపై సంగ్రహాలయము నెలకొల్పిరి. అచట ముంచినది నీరు. ఇచట మన పల్లెయిండ్లను ముంచుచున్నది నగరము. నీటికి ముందుగా తేదీ యేర్పడియుండెను. నగరమునకు అదియును లేదు.

అయితే గోడలు పెంచినంతమాత్రమున సంగ్రహాలయము పెరుగదు. మేము నాలుగు సంగతులు సూచింతుము. మొదటిది, వస్తుసేకరణకు ముందే పట్టిక వ్రాయవలయును: ఏ వస్తువు, ఏ యూరిది, ఎవరు వాడిరి, దేనికి వాడిరి. రెండవది, ప్రదర్శించుటకు చోటు చాలని వస్తువులకై చెదపురుగును, చెమ్మను చేరనీయని భాండాగారము కావలయును. మ్రానిపనికిని, కంచుకును చెమ్మ శత్రువు. మూడవది, వృద్ధులైన పనివారలచే మైనపుటచ్చుపోత మొదలగు పనులు చేయించి, ఆ మాటలను, ఆ చేతులను చలనచిత్రములుగా భద్రపఱుపవలయును. ఉలి దొరకవచ్చును గాని ఉలిని పట్టువిధము చేయివాడు పోయినవెనుక దొరకదు. నాలుగవది, దాతకును సంగ్రహాలయమునకును నడుమ వ్రాతపూర్వకమైన దానపత్ర ముండవలయును. మాటమీద నిచ్చిన వస్తువు మూడవతరమున వివాదమగును.

ఇది మన కులమునకు మాత్రమే చెందిన శాల కాగూడదని కూడ మా యభిప్రాయము. మగ్గమునకు పలకలను, కుమ్మరిసారెకు ఇరుసును, నాగలికి కఱ్ఱును చేసియిచ్చినవారము మనము. సాలెవారి మగ్గము లేక మన బాడిసకు అర్థము లేదు. ఒక్క చూరుక్రింద అన్నివృత్తులు నిలిచిననాడే ఊరు తెలియును.

ఆ ప్రాంతమున గజము నేల బంగారమువలె తూగుచున్న కాలమున ఇది యెట్లు సాధ్యమని కొంద రనవచ్చును. నేల యిచ్చుట ప్రభుత్వమువారి పని. వస్తువుల నిచ్చుట మన పని; అది నేడే ప్రారంభింపవచ్చును. ఆ సౌధములలో గణకయంత్రములయెదుట పనిచేయు మన బిడ్డ లనేకులు కలరు. సెలవుదినమున స్వగ్రామమునకు బోయి, అటకమీది పనిముట్టును గుర్తించి, ఛాయాచిత్రము దీసి, తాతనో అమ్మమ్మనో అడిగి పేరు వ్రాసికొని వత్తురేని, పట్టిక సగము సిద్ధమైనట్లే.

మా యింటినుండి పోయినవి తిరిగి రావు. ఒక్క ఆకురాయి మాత్రము పాతపెట్టె యడుగున దొరకినది. దానిపై మా పితామహుని చేతిపట్టు అరిగినగుర్తు నేటికిని నిలిచియున్నది. తీర్మాన మంగీకృతమైనచో పట్టికయందు దానినే మొదటి వస్తువుగా చేర్పవలసినదని ప్రార్థించుచున్నాము.