ఒడ్డుకెక్కిన ఫైబర్ బోటు

ఏప్రిల్ 15 వచ్చిందంటే మన తీరంలో సముద్రపు వేట ఆగుతుంది. జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజిన్ బోట్లన్నీ ఒడ్డునే. మళ్ళీ వేటకు దించే రోజుల్లో ఏటా వినబడే ఫిర్యాదు ఒకటుంది. మొన్నటిదాకా బాగున్న బోటు అడుగున నెర్రెలు కనిపిస్తున్నాయి, నీరు ఊరుతోంది, మునుపటిలా పరుగెత్తడం లేదు అని. ఫైబరు నాసిరకమని తయారుచేసినవాళ్ళని తిట్టుకుంటారు. దానికన్నా ముందు చూడాల్సింది, ఆ రెండు నెలలూ బోటు దేనిమీద కూర్చుందన్నది. బరువు నడిమి వెన్ను మోయాలి. పక్కన పెట్టే దన్నులు బోటు ఒరగకుండా ఆపడానికే.

నీళ్ళలో ఉన్నంతసేపూ బోటు బరువు మునిగిన అడుగంతటా పరుచుకుని ఉంటుంది. ఒడ్డుకు రాగానే ఆ బరువంతా మనం ఆనించిన నాలుగు చోట్లకే చేరుతుంది. లెక్క వేసి చూడండి. టన్ను బరువున్న బోటును నాలుగు రోలర్ల ట్రాలీ మీద పెట్టి, ఒక్కో రోలరు 20 చదరపు సెంటీమీటర్ల మేర తగిలిందనుకుందాం. ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 12.5 కిలోలు పడుతుంది. అదే బోటు వెన్ను కింద 4 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చెక్కదూలం పెడితే పావుకిలోనే. యాభై రెట్ల తేడా! పైగా అది ఎండాకాలం. ఫైబరులోని రెజిన్ వేడికి కాస్త మెత్తబడుతుంది, ఒకేచోట రోజుల తరబడి ఒత్తిడి పడితే మెల్లగా లోపలికి లొత్తపడుతుంది, బరువు తీసేసినా పూర్తిగా వెనక్కి రాదు. అడుగు అలా వంకరపోయిన బోటుకు నీటిలో నడక మారుతుంది, అదే ఇంజిను డీజిలు ఎక్కువ తాగుతుంది.

అలల దెబ్బకు తట్టుకునేది ఒడ్డున చెడుతుందా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అల కొట్టేది క్షణం, తర్వాత వదిలేస్తుంది. ఒడ్డున రోలరు 1464 గంటలు వదలకుండా నొక్కుతుంది. తాతల నాటినుంచి ఇసుక మీదే లాగుతున్నాం కదా అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు లాగింది తెప్పల్ని. తెప్ప అంటే నిండు దుంగలు కట్టింది, దానికి లొత్తపడే పలచటి గోడ లేదు. ఫైబర్ బోటుకు ఉన్నదే ఆ గోడ. చదునైన మెత్తటి ఇసుక బరువును బాగానే పంచుతుంది, కాదనను. కానీ గాలికీ వానకీ ఇసుక ఒకవైపు కొట్టుకుపోతే, మిగిలిన దిబ్బ మీద బోటు కొంతే ఆనుతుంది, తక్కినది వేలాడుతుంది.

పక్క దన్నులు ఎంత బిగిస్తే అంత భద్రమన్న నమ్మకం మాత్రం వదులుకోవాలి. బిగించేకొద్దీ బరువు వెన్ను మీంచి పక్కగోడ మీదకు జరుగుతుంది. చేత్తో తోస్తే కదలనంత ఉంటే చాలు. ఎక్కడ పెట్టాలో తెలియాలంటే బోటును బయటినుంచి వేలితో తడుతూ పోండి. బోలుగా మోగిన చోట వద్దు. గట్టిగా, బరువుగా వినిపించిన చోట లోపల అడ్డబద్దె ఉంది, దన్ను అక్కడ పెట్టండి. దన్నుకూ బోటుకూ మధ్యలో వెడల్పాటి చెక్క, దానిమీద మడతపెట్టిన గోనె ఉండాలి. వెన్ను దూలం బోటు వెనక పలక కిందిదాకా రావాలి, ఇది తప్పనిసరి. ఇంజిను వేలాడేది ఆ పలకకే కాబట్టి దూలం ఒక మూర ముందే ఆగిపోతే ఆ చివర అడుగు కిందికి వంగుతుంది. వీలైతే ఇంజిను విప్పి ఇంట్లో పెట్టుకోండి.

నీటి బిరడా తీసి, ముందు మొన కాస్త ఎత్తులో ఉంచండి. 6 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పున్న బోటులో 5 సెంటీమీటర్ల వాన నిలిస్తే 450 కిలోల దాకా అదనం. ఆ బరువూ వెన్నే మోయాలి! ట్రాలీ మీద ఊళ్ళోకి తీసుకెళ్ళేవాళ్ళు బోటును ముందూ వెనకా కట్టండి, ఉప్పునీరు తగిలిన చక్రాల బేరింగులు మంచినీళ్ళతో కడిగి గ్రీజు పెట్టండి. వారానికోసారి దూలం పొడవునా పలచటి అట్టముక్క దూర్చి చూడండి. అది సులువుగా జారిపోయిన చోట బోటు దూలానికి ఆనడం లేదన్నమాట. అక్కడ చెక్క చీలికలు దూర్చి ఆ సందు పూడ్చండి.