యానాంలో ఎక్కడ దిగుదాం?



చలిగాలులు మొదలయ్యాయంటే మనవైపు ప్రయాణాలు కూడా మొదలే. "యానాం వెళ్ళి రెండు రోజులు ఉండొద్దామనుకుంటున్నామండీ, ఎక్కడ దిగితే బాగుంటుంది?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. గది అద్దె ఎంత, వేణ్ణీళ్ళు వస్తాయా అన్నవి ఎలాగూ మగవాళ్ళు కనుక్కుంటారు. వాళ్ళకు తోచనివి కొన్ని ఉంటాయి, అవి మనమే చూసుకోవాలి.

యానాం మన మధ్యలోనే ఉంది, మన రాష్ట్రంలో లేదు. గౌతమి ఒడ్డున ముప్పై చదరపు కిలోమీటర్ల చిన్న ఊరు. ఫ్రెంచివాళ్ళు పద్దెనిమిదో శతాబ్దంలో స్థావరం వేసుకున్నారు. 1954లో వాళ్ళ పాలన పోయింది, 1962లో చట్టరీత్యా మనదేశంలో కలిసింది. కానీ ఇప్పటికీ ఎక్కడో ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న పుదుచ్చేరి కిందే ఉంది. చుట్టూ ఒక చట్టం, నడుమ ఇంకొకటి. మన దగ్గర కూడదన్న పని అక్కడ చేసుకోవచ్చునన్న అలవాటు అలా వచ్చిందే.

శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చి పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చెయ్యకూడదన్నప్పుడు, మన పెద్దలు పసిపిల్లలను బళ్ళమీద యానాం తీసుకుపోయి మూడు ముళ్ళూ వేయించి తెచ్చారు. ఫ్రెంచి గడ్డమీద ఆ చట్టం చెల్లదు మరి! ఊరికి కల్యాణపురమని పేరు కూడా వచ్చింది. పేరు ఎంత ముచ్చటగా ఉందో చూడండి! ఎక్కడ దిగుదామని ఆ పిల్లలను అడిగిన వాళ్ళెవరూ లేరు.

తరవాత వంతు మందుది. మన రాష్ట్రంలో 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళతో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితమది. యానాంకు మాత్రం నిషేధం లేదు. చీకటి పడేసరికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అటు బారులు తీరారు. 1997లో నిషేధం సడలించినా, అక్కడ పన్ను తక్కువ గనుక సీసా చవక. అందుకే ఆ దుకాణాలూ ఉన్నాయి, వాటికోసం వచ్చేవాళ్ళూ ఉన్నారు.

కాబట్టి గది చూడ్డానికి పట్టపగలు వెళ్ళకండి. మధ్యాహ్నం ఏ వీధి చూసినా బుద్ధిగానే ఉంటుంది. దీపాలు పెట్టే వేళకు, మీరే స్వయంగా వెళ్ళండి. "నేను చూశాలే, బాగానే ఉంది" అని ఆయనంటే, "సరేనండీ, నేనూ ఒకసారి చూస్తాను" అనండి, తప్పేముంది? కింద బారు ఉందా, మెట్లు ఆ బారులోంచేనా, విడిగా ఉన్నాయా, తలుపుకి లోపలి గడియ గట్టిదేనా, రాత్రి పిల్ల బాత్రూముకి లేస్తే వరండాలోకి రావాలా? ఇవి అడగడానికి మొహమాటపడితే రాత్రంతా జాగారమే.

నన్నడిగితే దుకాణాల బజారు విడిచి, ఏటివైపు ఉండడం మేలంటాను. సాయంత్రం పిల్లలను తీసుకుని గట్టున హాయిగా తిరగవచ్చు. 1846లో కట్టిన సెయింట్ ఆన్స్ చర్చి ఉంది, మీసాల వెంకన్న గుడి ఉంది. అత్తగారిని వెంటబెట్టుకు వెళ్ళేవాళ్ళకు గుడి దగ్గరైతే ఇంకా సుఖం.

అయితే ఏటిపక్క గది చలికాలానికే. వానాకాలం మాట వేరు. పులస మీద మనసుపడి వెళ్ళేవాళ్ళు సరిగ్గా ఎర్రనీరు వచ్చినప్పుడే వెళతారు కదా! ఆ చేప సముద్రంనుంచి గోదాట్లోకి ఎదురెక్కేది అప్పుడే. 1986 ఆగస్టులోనూ, మొన్న 2022 జూలైలోనూ గోదావరి పొంగి యానాం వీధుల్లోకి నీళ్ళు వచ్చాయి. ఆ రోజుల్లో కాకినాడలో దిగండి. ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు, బస్సులున్నాయి. పొద్దున్నే వెళ్ళి, బేరం కుదిరితే పులస కొనుక్కుని, పొద్దుగూకక ముందే తిరిగి రావచ్చు.

కోనసీమ వాళ్ళకు ఇప్పుడు ఆ ఇబ్బంది కూడా లేదు. వెనక ఎదుర్లంక రేవులో ఆఖరి పంటు దాటిపోతే, ఇష్టమున్నా లేకపోయినా యానాంలో పడుకోవలసిందే. బాలయోగిగారి పేరుమీద వారధి వచ్చాక, గది నచ్చకపోతే నిక్షేపంగా అవతలి ఒడ్డున చుట్టాలింటికి పోవచ్చు.

ఇంకొక్క మాట. తిరిగివచ్చేటప్పుడు సరిహద్దు దగ్గర ఎక్సైజువాళ్ళు బస్సాపి సంచులు వెతకడం ఉంది. ఆడవాళ్ళ సంచి ఎవరు చూస్తారులే అని మీ చీరల మడతల్లో సీసా దాచే మహానుభావులూ ఉన్నారు. గది ఖాళీ చేసేముందు సంచి అడుగుదాకా ఒకసారి తడిమి చూసుకోండి.