నీటి సుంకము, మురుగు సుంకము
(సంఘ సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



బెంగుళూరులో నీటి ధర పెరిగినచో కోలారు తెలుగువారికేమి యని కొందరు నన్నడిగిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిమ్మట మన బిడ్డలు తెల్లవారకమునుపే రైలెక్కి ఆ నగరమునకు పనికి పోవుచున్నారు. అనేకులు అచటనే కాపురములు పెట్టిరి. ఆ నగరము వాడి విడిచిన నీరు 2018 నుండి మన జిల్లా చెరువులకు వచ్చుచున్నది. కావున ఆ బిల్లు మనదియు నగును.

2014లో నిర్ణయించిన ధరలు పదేండ్లకు పైగా సాగి, 2025 ఏప్రిల్‌లో పెరిగినవి. పాత లెక్కతోనే సంగతి తేటపడును. తొలి 8 వేల లీటర్లకు వేయింటికి 7 రూపాయలు. అటుపై 25 వేల వరకు 11 రూపాయలు. నెలకు 20 వేల లీటర్లు వాడు కుటుంబమునకు నీటికి 188 రూపాయలు పడెడివి. దానిపై మురుగు సుంకము నాల్గవ వంతు, అనగా 47. ఇట్లు మురుగు సుంకమును నీటి ధరకు ముడివైచినప్పుడు, ఒకటి పెరిగిన రెండవది తనంతట పెరుగును. ప్రకటనలో పెంపు ఒక్కటే. బిల్లులో రెండు చోట్ల తగులును. ఒకే మీటరు క్రింద నాలుగు కాపురములున్న వఠారమున, కాపురముల సంఖ్యను గణింపని యెడల, పొదుపరులైన పేదలు సైతము పై మెట్టు ధర చెల్లింపవలసివచ్చును. ఈ అన్యాయమును ముందుగా అడుగవలెను.

అయినను పెంపునంతటిని గ్రుడ్డిగా ఎదిరింపవలెనని నా మతము కాదు. కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి, దాదాపు 500 మీటర్ల యెత్తునకు, విద్యుత్తుతో ఎక్కి వచ్చుచున్నది. ఆ ఖర్చును ఎవరో ఒకరు భరింపవలెను గదా! బేతమంగలము చెరువునుండి పాలారు నీరు త్రాగి పెరిగిన మనకు, నీరు గొట్టములో తానై పుట్టదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక మురుగు సంగతి. కోరమంగల–చల్లఘట్ట లోయ పథకము దినమునకు 44 కోట్ల లీటర్ల శుద్ధజలమును మన చెరువులకు పంపుటకై ఏర్పడినది. అది త్రాగుటకు కాదు, భూగర్భమున ఇంకుటకు. శుద్ధి రెండవ దశతో ఆగుచున్నది. 2018 జూలైలో చెరువున నురుగు కనబడగా హైకోర్టు కొంతకాలము నీటిని నిలిపినది. బెంగుళూరు గృహస్థుడు కట్టు మురుగు సుంకము శుద్ధికి నిజముగా చేరుచున్నదా లేదా యనుటపై మన బోరుబావుల మేలుకీడులు ఆధారపడియున్నవి.

మరియొక మాట, చెప్పుటకు సిగ్గుగా నున్నను దాచరాదు. మన గని లైన్లలో పాయిఖానాలను చేతులతో ఎత్తి శుభ్రపరచినవారు మన తెలుగువారే. అట్టి కుటుంబమున, ఈ పట్టణముననే జనించిన బెజవాడ విల్సన్‌గారు ఆ దుర్వృత్తిని రూపుమాపుటకు పోరాడి, 2016లో మెగసెసే పురస్కారమును పొందిరి. 1993లోను, 2013లోను చట్టములు వచ్చినను, మురుగు గుంటలలో దిగి మరణించువారి వార్తలు ఆగలేదు. మురుగు సుంకము పెంచువారు తొలి రూపాయిని యంత్రములకును, ఆ పనివారి ప్రాణరక్షణకును కేటాయించినచో, నేను మాఱుమాట లేక చెల్లింతును.

మన పురపాలక సంఘమున ఎన్నడైన పెంపు ప్రస్తావన వచ్చినచో అడుగవలసినదేమి? కొళాయి వారమునకు ఎన్ని దినములు వచ్చును? రాని నీటికి నెలసరి కనీస సుంకమేల? మురుగు గొట్టమే లేని వీధికి మురుగు సుంకమేల? కొళాయి బిల్లుపై పది రూపాయలు పెరిగిన కలత పడుదుము. నీరు రాని వారమున ట్యాంకరునకు ఇచ్చిన సొమ్మును మాత్రము లెక్కయే వ్రాయము.

వచ్చు సమావేశమునకు సభ్యులు తమ మూడు నెలల నీటి బిల్లులను, ట్యాంకరు చీటీలుండిన వానిని గూడ తీసికొని రావలెనని ప్రార్థన. పట్టిక వ్రాయుటకు నేను కాగితములతో ముందుగనే వచ్చి కూర్చుందును.