రంపం మిషను కొనేముందు పెట్రోలు సంగతి చూడండి

(సుబాబుల్, జామాయిల్ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నుంచీ ధర గురించి మాట్లాడుకున్నాం. మిల్లు ఇచ్చేదెంత, దళారి దగ్గర ఆగిపోయేదెంత అన్నది పెద్దలు చెప్పారు. నాకు అప్పగించింది చిన్న విషయం. పదిమంది రైతులు కలిసి చెట్లు కోసే మిషను కొనుక్కోవాలంటే ఏది కొనాలి?

చిన్నదే గానీ ధరతో ముడిపడిందే. మన తోట ఎప్పుడు కొట్టాలో ఇవాళ మనం చెప్పడం లేదు. మిషనూ ముఠా ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లు చెబుతున్నారు. రేటు కాస్త బాగున్న వారం ముఠా దొరకదు. పడిపోయిన వారం వాళ్లే ఫోను చేస్తారు. కొట్టిన కర్ర ఎండేకొద్దీ తూకం తగ్గుతుంది కాబట్టి కోత, లోడు, కాటా వెంటవెంటనే జరగాలి. ఆ వీలు మనకుండాలంటే ముందు మిషను మనదవ్వాలి.

మన ముందు రెండు మిషన్లు ఉన్నాయి. ఒకటి జర్మనీ వాళ్ల స్టిల్ ఎంఎస్ 261 సి-ఎం. రెండోది స్వీడన్ వాళ్ల హస్క్‌వర్నా 550 ఎక్స్‌పి మార్క్ 2. రెండూ రోజంతా పని చేసేవాళ్ల కోసం తయారైనవే. ఇంజను ఒకటి 50.2 సిసి, ఇంకొకటి 50.1. శక్తి రెండిటిదీ 3 కిలోవాట్లు, అంటే నాలుగు హార్స్‌పవర్ చిల్లర. బారు, చెయిను లేకుండా స్టిల్ 4.9 కిలోలు, హస్క్‌వర్నా 5.3. మొదళ్ల దగ్గర వంగి కోసేవాడికి ఆ 400 గ్రాములు సాయంత్రానికి నడుములో తెలుస్తాయి. అయినా దాన్ని బట్టి నిర్ణయం చేయొద్దంటాను.

రెండెకరాల సుబాబుల్ ఉన్నవాడికి ఇవి రెండూ దండగే. సన్నటి కర్రకు 35, 40 సిసిది చాలు. పదిమంది తోటలు వరసగా కొట్టేటప్పుడే ఇంత మిషను గిట్టుబాటవుతుంది. తుపానొస్తే కూడా పనికొస్తుంది. 2018లో తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి తోటలు ఎలా పడిపోయాయో చూశాం. అలాంటప్పుడు పడిన మానులు కోసి తీస్తేగాని చేలోకి అడుగు పెట్టలేం.

ఇక అసలు సంగతి. మన బంకుల్లో ఇప్పుడొచ్చేది ఇ20, అంటే నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలిపిన పెట్రోలు. హస్క్‌వర్నా మాన్యువల్ 10 శాతం మించి ఇథనాల్ ఉన్న పెట్రోలు వాడొద్దంటుంది. ఎం-ట్రానిక్ ఉన్న స్టిల్ మిషను మాన్యువల్ 25 శాతం దాకా పూర్తి శక్తితో నడుస్తుందంటుంది. సి-ఎం అన్న అక్షరాలు ఆ ఎం-ట్రానిక్ గుర్తే. కొనేటప్పుడు అవి ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇథనాల్‌తో ఇబ్బందేమిటంటారా? అదే కొలత పెట్రోలుకన్నా దాంట్లో సత్తువ తక్కువ. ఇంజనుకు ఇంకాస్త ఎక్కువ ఇంధనం అందాలి. అందకపోతే వేడెక్కుతుంది. ఈ టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోల్లో కలిపిన ఆయిలే ఆధారం, ఇంధనం తగ్గితే ఆయిలూ తగ్గి పిస్టను పట్టేస్తుంది. హస్క్‌వర్నాలోనూ ఇంధనాన్ని తనంతట తాను సరిచేసుకునే ఏర్పాటు ఉంది, ఆటోట్యూన్ అంటారు. నడవదని నేననను. కానీ ఇంజను పోయి వారంటీ అడిగిన రోజున మన ముందు తెరిచేది మాన్యువలే. మనకు బంకులో ఇంకో రకం పెట్రోలు ఎంచుకునే అవకాశం ఇవ్వలేదు, వారంటీ దగ్గర మాత్రం బాధ్యత మనదవుతుంది. అందుకే డీలరుచేత ఇ20కి వారంటీ వర్తిస్తుందని రాయించి సంతకం పెట్టించుకోండి. నోటిమాట వద్దు.

ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. వానాకాలం మూలన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి అప్పుడు పెట్టండి. లీటరుకు 20 మిల్లీలీటర్లు మంచి టూటీ ఆయిల్, అదీ వారానికి సరిపడా మాత్రమే కలపండి.

రెండింటిలోనూ ఇంధనం సర్దేది ఎలక్ట్రానిక్ కార్బురేటరే. మన ఊరి మోటారు సైకిలు మెకానిక్కు స్క్రూడ్రైవరుతో తిప్పి సరిచేసేది కాదు. లోపం తెలియాలంటే కంపెనీ పరికరం ఉన్న సర్వీసు సెంటరుకే పోవాలి. అది మీకెంత దూరం? విడిభాగం ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు? సీజన్లో పదిరోజులు మిషను ఆగితే మళ్లీ అదే మేస్త్రీ కాళ్లు పట్టుకోవాలి. నా మట్టుకు నేను పెట్రోలు కారణంగా స్టిల్ వైపే మొగ్గుతాను. మీ పట్టణంలో హస్క్‌వర్నా సర్వీసు ఉండి, రెండోది జిల్లా దాటితేగాని లేకపోతే, వారంటీ కాగితం రాయించుకుని హస్క్‌వర్నాయే తీసుకోండి. బజార్లో చవగ్గా దొరికే 58 సిసి మిషన్ల జోలికి మాత్రం పోవద్దు. సిసి ఎక్కువైనంత మాత్రాన శక్తి ఎక్కువని కాదు, రేపు విడిభాగానికి ఎవరినడగాలో కూడా తెలియదు.

చెయిను పదును గురించి ఒక్కమాట. రెండిటికీ సాధారణంగా వచ్చే .325 చెయినుకు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. పొట్టు సన్నటి పిండిలా రాలుతుంటే పదును పోయినట్టే. ఒక్కసారి మట్టిలో ఆనితే చాలు, పోతుంది.

మిషను మనదైతే దాని పట్టుకునేవాడి కాళ్లూ చేతులూ మన పూచీయే. బారు ముక్కు పైభాగం కర్రకు తగిలితే మిషను ఒక్కసారిగా మొహం మీదికి ఎగురుతుంది. చెయిను బ్రేకు ఉన్నది అందుకే. అది పనిచేస్తున్నదీ లేనిదీ రోజూ పొద్దున్నే చూడాలి. చెయిను తగిలితే పీచు బయటికొచ్చి దాన్ని బిగించేసే ప్యాంట్లు దొరుకుతాయి. అవీ, హెల్మెట్టూ మిషనుతోపాటే కొనాలి. లుంగీ ఎగగట్టి చెప్పులతో కోసే పద్ధతి మేస్త్రీల దగ్గర చూశాం, మన దగ్గర కుదరదు. ఇక్కడ డబ్బు ఆదా చేద్దామనేవాళ్లతో నేను కలవను.

వచ్చే నెలలో ఇద్దరు డీలర్లనూ తోటకే రమ్మని అడుగుతున్నాం. మన బంకు పెట్రోలు మనమే కలిపి పోద్దాం. రెండు మిషన్లతోనూ ఒక్కో ట్యాంకు అయిపోయేదాకా మన కుర్రాళ్లే కోస్తారు. వేడి మీద ఆపి, అయిదు నిమిషాలు ఆగి మళ్లీ లాగి చూద్దాం. వారంటీ కాగితం ఎవరు తెస్తారో కూడా ఆరోజే తెలుస్తుంది.