గచ్చు పగలగొట్టే ముందు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వానలు తక్కువ పడే ఊళ్లు. ఇక్కడ గచ్చు కింద పైపు కారితే నీళ్లూ పోతాయి, గోడలూ చెమ్మగిల్లుతాయి. అలాగని వెంటనే సుత్తి అందుకోవద్దు. తడి కనిపించిన చోటే పైపు పగిలిందనుకోవడం పొరపాటు. నీరు పల్లమెరుగు. టైల్స్ కింద దూరం పాకి మరెక్కడో బయటపడుతుంది. అందుకే ముందు పరీక్ష. రాత్రి మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటిమట్టానికి గుర్తు పెట్టండి. ఫ్లష్ కారడం లేదని చూసుకోండి. తెల్లారేసరికి మట్టం దిగితే లీకు ఉన్నట్టే. ఒక్కొక్క వాల్వూ కట్టి చూస్తే అది ఏ లైనులో ఉందో తెలుస్తుంది.

చలి దేశాల్లో ఇల్లు వెచ్చగా ఉండటానికి గచ్చు కిందే వేడినీళ్ల పైపులు వేస్తారు. అక్కడా ఇదే వరుస. ముందు పైపులో ప్రెజర్ పడిపోతోందా అని చూస్తారు. తర్వాత థర్మల్ కెమెరాతో వెచ్చని మరక వెతుకుతారు. మన సోలార్ హీటర్ లైనుకూ ఆ కెమెరా పనికొస్తుంది. పగలగొడితే తేలిపోదా అంటారు కొందరు. చోటు తప్పితే టైల్స్ పోతాయి, లీకు మిగులుతుంది. పరీక్షకు ఖర్చవుతుందంటారా? ట్యాంకులో గుర్తుకు పైసా అక్కర్లేదు. మరచిపోకండి: ముందు గుర్తు, తర్వాత వాల్వు, చివరికే సుత్తి.