ఒక నవలా, మన పిల్లలూ
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



కార్యదర్శిగారు నన్ను పిల్లల చదువును గురించి ఒక పావుగంట మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం నావల్ల కాదు. మన ఆదివారపు తెలుగు తరగతిలో మొన్నటి వర్షాకాలంలో పిల్లలచేత ఒక నవల చదివించాను. దాన్ని గురించి వారేమన్నారో మీకు విన్నవించి కూర్చుంటాను. పంచాంగ శ్రవణానికి ఆలస్యం కానివ్వను.

ఆ నవల పేరు ‘వండర్’. 2012లో అమెరికాలో వెలువడింది. రచయిత్రి ఆర్. జె. పలాసియో. తెలుగు తరగతిలో ఇంగ్లీషు నవల ఏమిటని కొందరు తండ్రులు అడిగారు. అడగవలసిన మాటే. మన బెంగుళూరు పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు. అందువల్ల పుస్తకం ఇంగ్లీషులో చదవండి, దాన్ని గురించి చెప్పదలచినది మాత్రం తెలుగులో చెప్పండి అన్నాను. రెండేళ్లు గుణింతాలు దిద్దించినా వారి నోట రాని తెలుగు ఆ ఆరు ఆదివారాల్లో వచ్చింది. చెప్పుకోవలసినది లోపల ఉంటే మాట దానంతటదే దొరుకుతుంది కాబోలు.

చదవనివారికోసం కథ క్లుప్తంగా చెబుతాను. న్యూయార్కులో ఆగస్టు అనే పదేళ్ల కుర్రవాడు. పుట్టుకతోనే ముఖంలోని ఎముకలు సరిగా ఏర్పడలేదు. అప్పటికి 27 శస్త్రచికిత్సలు జరిగాయి. తెలివికి లోటు లేదు, అల్లరికీ లోటు లేదు. కాని చూసినవారు ఉలిక్కిపడి చూపు తిప్పుకుంటారు. అంతవరకూ తల్లి ఇంటివద్దనే చదువు చెప్పింది. ఐదవ తరగతిలో మొదటిసారి బడికి పంపుతారు. ఆ ఒక్క సంవత్సరమే కథ. కొంత ఆగస్టు చెబుతాడు, కొంత అక్క వయా చెబుతుంది, కొంత స్నేహితులు చెబుతారు. అతన్ని తాకినవాడు ముప్పై సెకండ్లలో చేతులు కడుక్కోకపోతే రోగం అంటుకుంటుందని బడిపిల్లలు ఒక ఆట కల్పిస్తారు. ఆ పుట దగ్గర మన తరగతి నిశ్శబ్దమైపోయింది. అంటు అనే మాట మన ఇళ్లలో కొత్తది కాదు గదా! నేనూ వ్యాఖ్యానం చేయలేదు.

నవల ఎలా పుట్టిందో రచయిత్రే చెప్పుకున్నది. ఆమె పిల్లలతో ఒక ఐస్‌క్రీం అంగడి దగ్గర ఉండగా, అటువంటి ముఖంగల పాప పక్కనే కనిపించిందట. చిన్నకొడుకు భయపడి ఏడ్చాడు. ఆ పాప మనసు నొచ్చుకుంటుందని ఈమె పిల్లల్ని తీసుకుని గబగబా వెళ్లిపోయింది. అలా వెళ్లిపోవడమే ఆమెను బాధించింది. ఆ రాత్రే వ్రాయడం మొదలుపెట్టింది. నవలలో ఈ సంఘటన జాక్ అనే కుర్రవాడి దాదికి జరిగినట్లుగా వస్తుంది.

మొదటి ఆదివారం అభిప్రాయాలు వ్రాసి తెమ్మంటే, పదునాలుగు కాగితాల్లో దాదాపు ఒకే మాట ఉన్నది: “పాపం ఆగస్టు, మనం దయ చూపాలి.” నేను కోరేది అదేననుకుని వ్రాశారు. పిల్లలు మనకంటే లౌక్యులు. ఒక అమ్మాయి మాత్రం, “పాపం అంటే చేసిన తప్పు గదా మాస్టారూ, జాలిపడేటప్పుడు ఆ మాటే ఎందుకంటాం?” అని అడిగింది. మన భాషలో ఉన్న ఈ చిక్కు నేను అరవైఏళ్లుగా ఆ మాట అంటూనే గమనించలేదు. పూర్వజన్మలో ఏదో చేసుకున్నాడు, ఇప్పుడు అనుభవిస్తున్నాడు అనే భావం ఆ జాలిలోనే దాగి ఉన్నదేమో.

ఆ కాగితాలు పక్కన పెట్టి వేరొకటి అడిగాను: ఈ కథలో మీరెవరు?

ఆగస్టునని ఎవరూ అనలేదు. చాలామంది జాక్ అన్నారు. జాక్ మంచి స్నేహితుడే. కాని హాలోవీన్ పండుగనాడు, ముసుగువేసుకున్న ఆగస్టు పక్కనే ఉన్నాడని తెలియక, నలుగురి మెప్పుకోసం అతన్ని గురించి క్రూరంగా మాట్లాడతాడు. “నేనూ అలాగే మాట్లాడతాను, ఎదుట కాదు, వెనక” అన్నాడొక కుర్రవాడు. ఇంకొకడు, ఏడిపించే జూలియన్‌కు తన కథ చెప్పుకునే అవకాశం ఎందుకివ్వలేదని తగవు వేసుకున్నాడు. ఆ తగవు అక్కడివారికీ వచ్చింది కాబోలు, 2014లో రచయిత్రి జూలియన్ కథను విడిగా ప్రచురించింది.

ఒక అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, “నేను వయాను” అన్నది. వయా పైబడిలో కొత్తగా చేరినప్పుడు, తనకు అటువంటి తమ్ముడున్నాడని అక్కడ ఎవరికీ తెలియకపోవడం ఆమెకు హాయిగా ఉంటుంది. తాను నాటకంలో ఉన్న సంగతి ఇంట్లో చెప్పదు. చెబితే తమ్ముడు వస్తాడు గదా. మన అమ్మాయి అన్నది: “నాకు అన్నయ్య ఉన్నాడు. మేము ఈ ఊరు వచ్చి నాలుగేళ్లయింది. నా స్నేహితులు ఎవ్వరికీ తెలియదు.” ఆ తల్లిదండ్రుల అనుమతితోనే ఈ మాట మీకు చెబుతున్నాను, వారెవరని దయచేసి ఊహించవద్దు.

నాకు ఆ క్షణాన తోచినది చెబుతాను. ఊరు విడిచి వచ్చిన మనకు దాచుకునే సౌకర్యం ఒకటి దొరికింది. స్వగ్రామంలో ఎవరి ఇంట ఎవరున్నారో అందరికీ తెలుసు. అక్కడ మర్యాద ఉన్నదని నేననను. కుంటి, గుడ్డి, చెవిటి అని పేరుకు ముందు తగిలించి పిలిచేది మన ఊళ్లలోనే. కాని ఆ మనిషి అరుగుమీద కూర్చునేవాడు, పదిమందీ పలకరించేవారు. ఇక్కడ మూడవ అంతస్తులో తలుపు వేసుకుంటే అసలు లేనట్లే. చెల్లెలి పెండ్లిమాట వచ్చేసరికి అన్నగారు లోపలిగదిలోకి పోతాడు. ఆ అమ్మాయిని తరగతిలో ఎవరూ తప్పుపట్టలేదు. “వయా చెడ్డది కాదు, అలసిపోయింది” అన్నాడు, పన్నెండేళ్లవాడు.

నవల చివర బడివారు ఆగస్టుకు ఒక పతకం ఇస్తారు, సభంతా లేచి చప్పట్లు కొడుతుంది. పిల్లలు ఇక్కడ రెండు పక్షాలైనారు. “సంవత్సరమంతా బడికి పోయినందుకు పతకమా? అయితే నాకూ ఇవ్వాలి” అన్నాడొకడు. అంత ఓర్చుకున్నాడు గనుక ఇవ్వాలని ఒక అమ్మాయి. “ఓర్చుకునేవాడికి పతకమిస్తే, రేపు ఇంకొకడు కూడా ఓర్చుకోవాలంటారు” అని మొదటివాడు. నేను ఈ కుర్రవాడి పక్షమే. ముఖంలో అటువంటి భేదమున్నవారిలో కొందరు ఈ నవలను ఇదే విషయంలో ఆక్షేపించారు. 2017లో దీన్ని చలనచిత్రంగా తీసినప్పుడు ఆగస్టు పాత్రను మామూలు ముఖమున్న బాలుడే కృత్రిమమైన ముఖం తగిలించుకుని నటించాడు; ఆ ఆక్షేపణ కూడా వచ్చింది.

అయితే ఒక మేలు ఒప్పుకోవాలి. భారతం అరణ్యపర్వంలో అష్టావక్రుడు జనకుని సభలో వందిని వాదంలో గెలిచి, తండ్రిని విడిపించుకుంటాడు. పన్నెండేళ్ల బాలుడికి ఆ విజయం చాలదా? కథ ఊరుకోదు. సమంగా నదిలో మునిగించి ఎనిమిది వంకరలూ తీర్చి పంపుతుంది. పడమటివారి కథలూ అంతే. ‘హైదీ’లో క్లారా చివరకు లేచి నడుస్తుంది, 1911 నాటి ‘సీక్రెట్ గార్డెన్’లో కాలిన్ కూడా నడుస్తాడు. అంగం చక్కబడితేగాని కథ ముగియదన్నమాట. పలాసియో ఆగస్టు ముఖాన్ని చక్కదిద్దలేదు, అదే ముఖంతో ఇంటికి పంపింది. వంకర తీర్చలేక పతకమిచ్చిందని ఎవరైనా అంటే మాత్రం నాదగ్గర జవాబు లేదు.

ఇంకొక్క సంగతి. జూలియన్ తల్లి తరగతి ఫొటోలోనుంచి ఆగస్టు ముఖాన్ని కంప్యూటరుతో చెరిపి, ఆ ఫొటోను దగ్గర పెట్టుకుంటుంది. అందరూ ఛీ అన్నారు. వెనకబల్లనుంచి ఒకడు, “మన సంఘం ఫొటోలో ఎవరినీ చెరపనక్కరలేదు మాస్టారూ. మా వీధిలో చక్రాల కుర్చీ అబ్బాయి ఉన్నాడు, తెలుగువాళ్లే. మన హాలుకు ముప్పైరెండు మెట్లు. వాడు ఫొటోలోకి ఎలా వస్తాడు?” అన్నాడు.

ఇంటికి వెళ్లి లెక్క చూశాను. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు, అనగా నూటికి 2.21. వెయ్యిమంది ఉన్నచోట ఇరవై ఇద్దరు. 1995 చట్టం ఏడు విధాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 విధాలను గుర్తించింది. ఆ లెక్కన ఇంకా ఎక్కువమందే ఉండాలి. ఈ హాలులో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో వేదికమీదనుంచి నాకు కనపడుతూనే ఉన్నది. మిగిలినవారు మన ఇళ్లలో ఉన్నారు. ఉగాది పచ్చడి వారికి డబ్బాలో వెళుతుంది.

మన శ్రీరామనవమికి ఇంకా ఎనిమిది రోజులున్నది. పానకం పందిరి ఎటూ కింద ఆవరణలోనే వేస్తాం. భజన, హరికథ, బహుమతి ప్రదానం పైకెక్కించకుండా అక్కడనే జరపాలనీ, తెలుగు తరగతిని కింది సామాన్ల గదిలోకి మార్చాలనీ పిల్లలు ఒక విన్నపం వ్రాశారు. సామాన్లు తామే మోస్తామంటున్నారు. పదునాలుగు సంతకాలున్నాయి. అక్షరదోషాలు కొన్ని ఉన్నాయి, నేను దిద్దలేదు. కాగితం అధ్యక్షులవారికి ఇప్పుడే అందజేస్తున్నాను. సెలవు.