వాకిట్లో ఏ పూలచెట్టు వేద్దాం?

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



మనలో చాలామంది గృహరుణం తీసుకుని, గజం గజం లెక్క చూసుకుని ఇల్లు కట్టుకున్నవాళ్లమే. చెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నర్సరీలో పూసి ఉన్న మొక్క నచ్చితే చాలు, తెచ్చేసుకుంటాం. తెచ్చే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: పదిహేనేళ్లకు ఇది ఎంతవుతుంది?

వేసవిలో ఎర్రగా విరగబూసే తురాయి అందరికీ ఇష్టమే. కానీ అది గొడుగులా చాలా వెడల్పు పరుచుకుంటుంది. వేళ్లు పైపైనే పాకుతాయి, కొమ్మలు పెళుసు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు విశాఖలో చెట్లు ఎలా కూలాయో మీలో కొందరు చూసే ఉంటారు. తురాయి పార్కులో ఉంటేనే అందం.

రెండో సంగతి పిల్లలు. పచ్చగన్నేరు దాదాపు ఏడాదంతా పూస్తుంది, పూజకూ పనికొస్తుంది. కానీ దాని గింజల్లోని విషం గుండెను దెబ్బతీస్తుంది, ప్రాణమే పోవచ్చు. పసివాళ్లున్న ఇంట్లో అది వద్దు. ఇప్పటికే ఉంటే రాలిన కాయలు రోజూ ఏరేయండి. పిల్లలెవరైనా నమిలారని తెలిస్తే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

మరి ఏది వేయాలి? చిన్న వాకిలికి నా ఓటు పారిజాతానికే. కత్తిరిస్తూ ఉంటే పది పన్నెండు అడుగుల్లో ఆగుతుంది. వానాకాలం చివర మొదలై చలికాలం దాకా పూస్తుంది. సాయంత్రం విచ్చిన పువ్వు తెల్లారేసరికి రాలిపోతుంది. నేల రాలిన పూలనే దేవుడికి పెట్టే ఆచారం దీనికి ఉంది. ఎండ తగలాలి, మొదట్లో నీరు నిలవకూడదు. గోడకు ఆరేడు అడుగుల దూరంలో, సెప్టిక్ ట్యాంకుకు ఎడంగా నాటండి.

నీళ్లు తక్కువైన చోట దేవగన్నేరు మేలు. మూరెడు కొమ్మ కోసి, పాలు ఆరేలా వారం రోజులు నీడన ఉంచి నాటితే చాలు. ఆ పాలు కళ్లలో పడకుండా, చేతికి అంటకుండా చూసుకోండి.

మనవి బదిలీల ఉద్యోగాలు. ఊరు మారితే దేవగన్నేరు కొమ్మ మన సామానుతో పాటే వస్తుంది. పారిజాతం మన తర్వాత ఆ ఇంట్లో దిగేవాళ్లకు పూస్తుంది. ఈ తొలకరికి రెండింటిలో ఏదో ఒకటి నాటండి.

సెలవు.